రిపోర్టులు నార్మల్... మరి ఈ నొప్పి?

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 43 ఏళ్లు, మాది చిత్తూరు. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాను. రెండేళ్లుగా మెడ, భుజాలు, నడుము, తొడలు, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే. రాత్రంతా పడుకున్నా పొద్దున లేస్తే ఒళ్లంతా దంచేసినట్టుంటుంది. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు బాగున్నాయి. ‘ఏమీ లేదు, టెన్షన్’ అంటున్నారు. మా ఆయనా అదే మాట. ఇది ఫైబ్రోమయాల్జియానా? ఏ డాక్టరు దగ్గరికి పోవాల?
– ఒక సోదరి

జవాబు: మీ నొప్పి నిజం, తల్లీ. ఆ జబ్బే అయ్యుండొచ్చు, చూడకుండా తేల్చలేను. అందులో కీళ్లు, కండరాలు చెడిపోవు. నొప్పిని మోసే నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తుంది. ఒంట్లో వాపును పట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలకు, ఎక్స్‌రేలకు అది దొరకదు.

మీరు చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకు. కీళ్లవాతం, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద దాడి చేసే జబ్బు) చూసేదీ వాళ్లే. మీకు రాయవేలూరు దగ్గరే కదా, అక్కడ సీఎంసీ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. అక్కడికి కుదరకపోతే తిరుపతిలో స్విమ్స్ లేదా రుయా ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలో మొదలుపెట్టండి. కీళ్లు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి.

బోర్డు మీద డిగ్రీలకన్నా ఆ డాక్టరు ఏం అడుగుతున్నారో గమనించండి. నిద్ర ఎలా ఉంది, మతిమరుపు ఉందా, నొప్పి మూడు నెలలు దాటిందా అని అడిగి, కీళ్లు నొక్కి చూసేవారైతే వాళ్లనే పట్టుకోండి. ఒకప్పుడు 18 చోట్ల నొక్కితే 11 చోట్ల నొప్పి ఉండాలనేవారు. 2010 నుంచి ఆ లెక్క తప్పనిసరి కాదు. ఆ లెక్క చూపించి ‘నీకు లేదు’ అంటే నిరాశపడి ఇంటికొచ్చేయకండి. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు అయిపోయుంటే ఫైలు తీసుకెళ్లండి, ఊరికే మళ్లీ ఖర్చెందుకు?

స్టెరాయిడ్ సూదులు మాత్రం వద్దు. ఈ నొప్పికి అవి పనిచేయవు, పైగా షుగర్ పెంచుతాయి. రాత్రిపూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ రాస్తే, మందుల షాపులో ‘ఇది డిప్రెషన్ మాత్ర’ అంటారు. బెదిరిపోయి ఆపేయకండి, ఈ నొప్పికి దాన్ని తక్కువ మోతాదులో ఇస్తారు. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది వ్యాయామం. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున మిగిలిన పనులన్నీ నెత్తినేసుకోవద్దు, మర్నాడు లేవలేరు.

డాక్టరు దగ్గరికి మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఇది టెన్షన్ కాదని, సాకు కాదని డాక్టరు నోటే ఆయన వినాలి.