ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ భార్య కౌంటెస్ కదా, మరి అది ‘అసమాన వివాహం’ ఎలా అయింది?

ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ భార్య సోఫీ ఖోటెక్ పుట్టుకతోనే కౌంటెస్ (దొరల కుటుంబపు బిరుదు) అయినప్పుడు, ఆ రాజ్యమేలే హాబ్స్‌బర్గ్ వంశం వాళ్ళు ఆమెను ఎందుకు ఒప్పుకోలేదు, ఆమె పిల్లలకు సింహాసనం ఎందుకు దక్కలేదు అన్నది మీ ప్రశ్న. ఆమెను సామాన్యురాలని రాసేవాళ్ళున్నారు. అది తప్పు. ఖోటెక్‌లు బొహీమియాలో పాత దొరల కుటుంబం, తండ్రి దౌత్యవేత్త. అడ్డొచ్చింది డబ్బూ కాదు, పరువూ కాదు. వంశం ఏ జాబితాలో ఉందన్నదే.

హాబ్స్‌బర్గ్‌లకు 1839 నాటి కుటుంబ శాసనం ఉండేది. దాని లెక్కలో సమాన వంశాలంటే రాజ్యమేలుతున్నవి, ఒకప్పుడు ఏలినవి, ఇంకా నెపోలియన్ కాలంలో సంస్థానాలు పోగొట్టుకున్నా 1815 జర్మన్ సమాఖ్య చట్టం 14వ అధికరణం వల్ల హోదా నిలుపుకున్న జర్మన్ కుటుంబాలు. ఖోటెక్‌లు వీటిలో దేనిలోనూ లేరు. సోఫీ అయితే ఒక ఆర్చ్‌డచెస్ (హాబ్స్‌బర్గ్ వంశపు రాకుమారి) దగ్గర పరిచారిక హోదాలో కొలువు చేస్తున్న మనిషి కూడా.

చక్రవర్తి ఫ్రాన్జ్ జోసెఫ్ చివరికి ఒప్పుకున్నాడు గానీ, షరతు పెట్టి. 1900 జూన్ 28న వియన్నా హోఫ్‌బుర్గ్‌లో ఆర్చ్‌డ్యూక్‌లు, మంత్రుల ఎదుట ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ ప్రమాణం చేశాడు: నా భార్యకు నా హోదా రాదు, మా పిల్లలకు వారసత్వం ఉండదు అని. తన వారసత్వాన్ని మాత్రం వదులుకోలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. జులై 1న బొహీమియాలోని రైఖ్‌స్టాట్‌లో పెళ్ళి. చక్రవర్తి రాలేదు, పెళ్ళికొడుకు తమ్ముళ్ళూ రాలేదు. ఆ వంశం నుంచి వచ్చింది సవతి తల్లి మరియా తెరేసా, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు మాత్రమే. చర్చి దృష్టిలో ఇది పూర్తిగా చెల్లే పెళ్ళి, పిల్లలు సక్రమ సంతానమే. భార్యకూ పిల్లలకూ భర్త హోదా, వారసత్వం రాని ఇలాంటి అసమాన వివాహాన్నే మోర్గనాటిక్ వివాహం అంటారు, దాన్ని ఉంపుడు సంబంధం అనుకోకండి.

చాలా వ్యాసాలు వదిలేసేది హంగరీ సంగతి. ఆస్ట్రియా చక్రవర్తే హంగరీకి రాజు కూడా. హంగరీ చట్టంలో మోర్గనాటిక్ వివాహమనేదే లేదు. అక్కడ రాజు భార్య రాణే, రాజు కొడుకు వారసుడే. ప్రమాణాన్ని వియన్నాకే వదిలేస్తే రేపు ఒకే మనిషి భార్య బుడాపెస్ట్‌లో రాణి, వియన్నాలో కాదు అన్న పరిస్థితి వచ్చేది. అందుకే హంగరీ పార్లమెంటు ఆ ప్రమాణాన్ని 1900లో 24వ చట్టంగా చేర్చుకుంది. ఆ చట్టమే లేకపోతే ఆస్ట్రియా-హంగరీ రెండు సింహాసనాలకూ వేర్వేరు వారసులు తేలేవాళ్ళు. నా దృష్టిలో ఈ పెళ్ళిలో అసలు చిక్కు ఇదే.

సోఫీకి పెళ్ళినాడే హోహెన్‌బెర్గ్ ప్రిన్సెస్ బిరుదు, 1909లో డచెస్ బిరుదు ఇచ్చారు. అయినా దర్బారులో అందరికంటే చిన్న ఆర్చ్‌డచెస్ వెనకే నడవాలి. 1914లో సారయెవోలో ఇద్దరూ హత్యకు గురయ్యాక కూడా వియన్నా చర్చిలో ఆమె శవపేటికను భర్త పేటిక కంటే కిందికి పెట్టారు, దాని మీద తెల్ల గ్లౌజులు, విసనకర్ర ఉంచారు. హాబ్స్‌బర్గ్‌ల సమాధి గదిలో ఆమెకు చోటు దొరకదని తెలిసే ఆయన ఆర్ట్‌స్టెటెన్ కోటలో ముందే సమాధి కట్టించుకున్నాడు. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

వంశవృక్షాలు రాసేవాళ్ళు పిల్లలు సోఫీ, మాక్సిమిలియన్, ఎర్న్‌స్ట్‌ల ఇంటిపేరు హోహెన్‌బెర్గ్ అని రాయాలి, హాబ్స్‌బర్గ్ కాదు. బిరుదు రాసేటప్పుడు సంవత్సరం చూసుకోండి, 1909కి ముందు ఆమె డచెస్ కాదు. ఏ పెళ్ళి సమానమో తేల్చాలంటే ఆ కాలపు గోథా పంచాంగంలో (ఐరోపా రాజ, దొరల కుటుంబాల వార్షిక జాబితా) వధువు కుటుంబం ఏ భాగంలో ఉందో వెతకండి. అయితే అదే తుది తీర్పు కాదు, ఒక్కో వంశానికి ఒక్కో శాసనం. జర్మనీలోని హెస్సె రాజవంశంలో అసమాన వివాహం వల్ల పుట్టిన బాటెన్‌బెర్గ్ శాఖ అమ్మాయి విక్టోరియా యూజీనీ 1906లో స్పెయిన్ రాణి అయింది. పెళ్ళికి ముందే ఎడ్వర్డ్ VII ఆమెకు ‘రాయల్ హైనెస్’ హోదా ఇచ్చాడు. బ్రిటన్‌లో అసలు ఈ సమానత్వ నియమమే లేదు. 2015 వరకు అమల్లో ఉన్న 1772 చట్టం ప్రకారం రాజు అనుమతి ఉంటే చాలు. 1923లో స్కాట్లండ్ ఎర్ల్ కూతురు ఎలిజబెత్ బౌస్-లయన్ రాజు రెండో కొడుకును చేసుకున్నప్పుడు ఆమె హోదాకు ఏ కోతా పడలేదు.