చిన్న చేతికి ఏ బేస్ గిటారు?

ప్రశ్న: మాది నరసాపురం. పదమూడేళ్ల మా అమ్మాయి చర్చి గాయక బృందంలో బేస్ గిటారు వాయిస్తోంది. చర్చివారి గిటారు పెద్దది కావడంతో అరగంట గడిచేసరికి ఎడమ మణికట్టు నొప్పి పుడుతోందట. వయొలిన్ ఆకారంలో ఉండే చిన్న బేస్ కొనిపెట్టమంటోంది. ముప్పై వేలకు మించి పెట్టలేము. అది నిజంగా పనికొచ్చే వాద్యమేనా? — ఒక తల్లి

జవాబు: పనికొచ్చే వాద్యమేనమ్మా. జర్మనీకి చెందిన హోఫ్నర్ సంస్థ 1956లో ఈ ఆకారంలో తెచ్చిన బేస్‌నే, 1961లో హాంబర్గ్‌లో కొనుక్కుని, బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ వాయించారు. అయితే మీ అమ్మాయి చేతికి సుఖాన్నిచ్చేది ఆ ఆకారం కాదు, తీగ పొడవు. మామూలు బేస్‌లో మెడ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం) చివర తీగలు ఆనే నట్ నుండి, శరీరం మీద తీగలు ఆనే బ్రిడ్జి వరకు మోగే తీగ 34 అంగుళాలుంటే, హోఫ్నర్‌లో 30 అంగుళాలే ఉంటుంది. చూపుడువేలు మొదటి ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర, చిటికెన వేలు నాలుగో ఫ్రెట్ దగ్గర పెట్టాలంటే పెద్దదానిలో ఆ రెండు ఫ్రెట్ల మధ్య దూరం సుమారు 130 మిల్లీమీటర్లు, చిన్నదానిలో 114. పదమూడేళ్ల పిల్ల అరచేతికి ఆ ఒకటిన్నర సెంటీమీటర్లు చాలా పెద్ద తేడా. పైగా అదే మందం తీగను అదే శ్రుతిలో పెట్టినప్పుడు బిగువు ఐదో వంతుకు పైగా తగ్గుతుంది కాబట్టి నొక్కడానికీ తేలిక.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. చర్చిలో ఉన్న బేస్‌నే నాలుగు తీగలూ ఒక్కో స్వరం, అంటే రెండేసి ఫ్రెట్ల మేర, కిందికి దించి, ఆ మెడను గట్టిగా పట్టే కాపోను, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పును, రెండో ఫ్రెట్‌పై బిగించమనండి. అప్పుడు మోగే తీగ 30.3 అంగుళాలవుతుంది, శ్రుతి యథాస్థానానికి వస్తుంది, బిగువు కూడా ఇంచుమించు చిన్న బేస్‌లో ఉన్నంతే ఉంటుంది. ఒక ఆదివారం ఆరాధనంతా అలా వాయించాక కూడా నొప్పి తగ్గకపోతే లోపం గిటారులో కాక మణికట్టు వంచే తీరులో ఉండవచ్చు. ముందు గురువుకు, అవసరమైతే వైద్యుడికి చూపించండి.

నొప్పి తగ్గితే కొనవచ్చు. ఆకారంపైనే మనసుంటే హోఫ్నర్‌వారి తక్కువ ధర ఇగ్నిషన్ రకాన్నో, 30.5 అంగుళాల ఎపిఫోన్ వయోలా బేస్‌నో చూడండి; కొత్తది మీ సొమ్ములో రాకపోతే మెడ తిన్నగా ఉన్న పాతదైనా నాకు సమ్మతమే. ఆకారం పట్టింపు లేకపోతే మాత్రం గట్టి చెక్క శరీరం గల 30 అంగుళాల బేస్ ఏదైనా తీసుకోమంటాను, ఎందుకంటే లోపల బోలుగా ఉన్న శరీరం స్పీకరు ఎదుట నిలబడితే హోరెత్తుతుంది. దుకాణంలో కూర్చుని కాక, పట్టీ వేసుకుని నిలబడి చూడమనండి. శరీరం తేలికైతే మెడ కిందికి వాలి, ఆ బరువంతా మళ్లీ ఎడమ చేతిమీదే పడుతుంది.

తీగలు కొనేటప్పుడు వయొలిన్ బేస్‌కు టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే భాగం) నుండి నట్ వరకు ఉన్న పూర్తి పొడవు కొలిచి చెప్పాలి. హోఫ్నర్‌లో బ్రిడ్జిని శరీరానికి బిగించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. పాలకొల్లులో ఒక క్రిస్మస్ కార్యక్రమానికి ముందురోజు నేను అటువంటి బేస్‌కు నాలుగు తీగలూ ఒకేసారి విప్పాను. బ్రిడ్జి జారిపోయి, మళ్లీ శ్రుతి కుదిరే చోటు దొరికేసరికి రాత్రి రెండయింది. అందుకే కొన్న రోజునే బ్రిడ్జి పాదాల చుట్టూ మెత్తని పెన్సిలుతో గీత గీసి, తీగలు ఒక్కొక్కటిగా మార్చమనండి. మన డెల్టాలో వానాకాలపు తేమకు మెడ వంపు మారుతుంది గనుక, జూలైలో ఒకసారి, వేసవి మొదట్లో ఒకసారి తెలిసినవారితో సరిచేయించండి. ఆ ఖర్చుకూ, గట్టి పెట్టెకూ ముప్పై వేలలో నాలుగైదు వేలు ముందే పక్కన పెట్టుకోండి.