కరెంటు పోయిన రోజు పదికి ఏడు

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ అయిపోయింది. సాయంత్రాలు ఇంటి దగ్గర ఇరవై మంది పిల్లలకు ట్యూషన్ చెప్తున్నాను. బీఈడీ చేస్తానంటే మా నాన్న "స్పెషల్ బీఈడీ చెయ్యి, పోటీ తక్కువ, ఉద్యోగం తొందరగా వస్తుంది" అంటున్నారు. అది చదివితే అంధుల బడిలోనో, బధిరుల బడిలోనో పనిచేయాలా? మామూలు బడుల్లో ఆ టీచర్లకి పనేముంటుంది? నాకు సరిపడుతుందా?

జవాబు: మీ నాన్నగారి లెక్క పూర్తిగా తప్పు కాదమ్మా. కానీ పోటీ తక్కువని చేరి, రెండో ఏడాదికే విసుగెత్తిపోయిన వాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అందుకని ఉద్యోగాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పనేమిటో చెప్తాను.

నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు విజయనగరం జిల్లాలో కొన్నాళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. నాలుగో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. చివరి బెంచీ. డిక్టేషన్ చెప్తే పదికి రెండో మూడో వచ్చేవి. పిలిస్తే పలకడు. 'నిద్రమొహం గుంటడు' అని పేరు పడిపోయింది. నేనూ అలాగే పిలిచాను, దాచుకోవడం ఎందుకు. ఒకరోజు డిక్టేషన్ వేళకి కరెంటు పోయింది. వాడికి పదికి ఏడొచ్చాయి. పక్కవాడిది చూసి రాశాడనుకున్నాను. మర్నాడు కరెంటు ఉంది, మళ్లీ రెండే. ఇంకోసారి కరెంటు పోయి, మళ్లీ ఏడొస్తే గానీ నా బుర్రకి తట్టలేదు. వాడి నెత్తిమీద గడగడలాడే పాత ఫ్యాను ఉంది. వాళ్లమ్మని పిలిపించి అడిగితే, "చెవిలో చీము కారతాది బాబూ, చలికాలమైతే మరీను" అంది.

చెవి డాక్టరు మందులు ఇచ్చారు. అది కొన్ని నెలల వ్యవహారం. ఈలోగా మేం చేసినదానికి పైసా ఖర్చు లేదు. వాణ్ని ముందు బెంచీకి, ఫ్యానుకి దూరంగా, బాగున్న చెవి నా వైపు ఉండేట్టు కూచోబెట్టాం. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు నేను మానుకున్నాను. అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ కుర్రాడికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితం, వచ్చేది కాదు, అవసరమూ లేదు. అడ్డంకి సగం వాడి చెవిలో ఉంటే సగం మా తరగతి గదిలో ఉంది. మామూలు బడిలో స్పెషల్ టీచర్‌కి పనేముంటుందన్నావు కదా, ఇదే పని. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కనిపెట్టడం, మిగతా టీచర్లని ఒప్పించి ఆ అడ్డు తీయించడం. రెండోది మొదటిదానికంటే ఎక్కువ ఓపిక అడుగుతుంది.

నీ ట్యూషన్లోనే చూడు. కథ అడిగితే గలగలా చెప్పే పిల్ల, అదే కథ పుస్తకంలో చదవమంటే 'అమ్మ'ని 'అమ' అని, 'కర్ర'ని 'కర' అని వత్తులు మింగేసి చదువుతోందా? గుణింతాల దగ్గర ఇంకా తడుముకుంటోందా? కొన్నాళ్లు సరిగ్గా నేర్పినా, కళ్లు చూపించినా అలాగే ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. చదవడం, రాయడంలో వచ్చే ఈ రకం ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడే ఉండేవి, ఇప్పుడు 21. అలాగని ప్రతి వెనకబాటుకీ ఆ పేరు తగిలించకూడదు. అమ్మానాన్నలతో హైదరాబాద్ భవనాల పనికి వెళ్లి, సగం ఏడాది అయ్యాక తిరిగొచ్చిన పిల్లాడికి తీసివేతలు రాకపోతే అది వైకల్యం కాదు, ఆ పాఠం వాడు విననే లేదు. సీతంపేట వైపు నుంచి వచ్చి, ఇంట్లో సవర భాష మాట్లాడే పిల్ల తెలుగులో అడిగిన ప్రశ్నకి మౌనంగా నిలబడితే ఆ మౌనాన్ని తెలివితక్కువతనంగా రాసేసిన రిపోర్టు ఒకటి నేను చూశాను. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఇక కోర్సు సంగతి. ప్రత్యేక విద్య కోర్సులకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, గుర్తింపు ఉండాలి. చదువయ్యాక అక్కడ పేరు నమోదై నంబరు వస్తేనే నువ్వు స్పెషల్ టీచర్‌వి. వినికిడి, చూపు, మేధోపరమైన వైకల్యం, అభ్యసన వైకల్యం (ఇందాక చెప్పిన చదవడం, రాయడంలో ఇబ్బంది) ఇలా దేనికి దానికి వేరే విభాగం ఉంటుంది. మామూలు బడిలో పనిచేయాలని ఉంటే చివరి రెండూ నీకు దగ్గరగా ఉంటాయని నా అభిప్రాయం. రెండేళ్ల కోర్సుల నుంచి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల వైపు మార్పు జరుగుతోంది. కాబట్టి నువ్వు చేరే ఏడాదికి, ఆ కాలేజీకి, ఆ విభాగంలో అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూశాకే ఫీజు కట్టు. "క్లాసులకి రానక్కర్లేదు, మేం చూసుకుంటాం" అనే ఏజెంట్లు మన బస్సు కాంప్లెక్సుల దగ్గర కూడా తిరుగుతున్నారు. నమ్మకు. ఈ చదువులో అసలు సరుకంతా పిల్లల దగ్గర చేసే ప్రాక్టికల్సే.

ఉద్యోగాలంటావా? ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు నోటిఫై చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలని మళ్లీ ఆదేశించింది. మన రాష్ట్రంలో టెట్‌లో, అంటే టీచర్ల అర్హత పరీక్షలో, స్పెషల్ టీచర్లకి 1-బి, 2-బి అని వేరే పేపర్లున్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో చాలాకాలంగా కాంట్రాక్టు మీదే నడుస్తోంది, ఆ జీతంతో ఇల్లు గడవడం కష్టమేనని మీ నాన్నగారికి ముందే చెప్పు. ప్రైవేటులో అయితే సీబీఎస్ఈ స్కూళ్లు, విశాఖలోని థెరపీ సెంటర్లు ఉన్నాయి.

అప్లికేషన్ పెట్టేముందు ఒక పని చెయ్యి. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, అక్కడి టీచరమ్మని అడిగి ఒక వారం రోజులు ఒక మూల కూచో. ఏదో ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకుని నోటుబుక్కులో రాసుకో. ఏం రావట్లేదో కాదు, ఎప్పుడు వస్తోందో రాయి. ఏ బొమ్మ చూపిస్తే పలికాడు, ఎవరి పక్కన కూచుంటే రాశాడు, ఏ వేళకి అలిసిపోయాడు. ఏడో రోజుకి కూడా రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంటే ధైర్యంగా స్పెషల్ బీఈడీకి వెళ్లు. మూడో రోజుకే గడియారం చూస్తున్నావంటే మామూలు బీఈడీ చెయ్యి, అందులో తప్పేమీ లేదు. ఆ నోటుబుక్కు మీ నాన్నగారికి చూపించి, నాకు మళ్లీ రాయి.