నాన్నగారి పాత బండి: షెడ్డుకు ముందు ఆర్‌సీ చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. తెరువలిలో షిఫ్టు ఉద్యోగం, జీతం 18,500. రానూపోనూ నలభై కిలోమీటర్లు. బస్సుకూ షేర్ ఆటోకూ నెలకు 2,600 దాకా అవుతోంది, రాత్రి షిఫ్టు దిగితే బండి దొరకదు. ఇంట్లో నాన్నగారి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఉంది, 2007 జూన్ 15న రిజిస్టరయింది, ఓఆర్-18 నంబరు. 2021లో ఆయన పోయాక ఎవరూ తీయలేదు. ఇంజిన్ విప్పితే పదిహేను వేలవుతుందని మెకానిక్కు అంటున్నాడు. షోరూమ్‌లో కొత్త బండి అన్నీ కలిపి 90 వేలు. 20 వేలు కడితే మిగతా 70 వేలకు నెలకు 3,558 చొప్పున 24 వాయిదాలట. బ్యాంకులో 42 వేలున్నాయి, నెలకు రెండు వేల ఆర్‌డీ కడుతున్నాను. పాత బండి బాగు చేయించాలా, కొత్తది తీసుకోవాలా?

జవాబు: మీ లెక్కలో మెకానిక్కు ఉన్నాడు, షోరూమ్ ఉంది, ఆర్టీఓ లేదు. ఈ బండి విషయంలో అసలు ఖర్చు అక్కడే.

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది. మీ బండిది 2022 జూన్ 14తో ముగిసింది. తర్వాత అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు సైకిల్ రెన్యువల్ ఫీజు 1,000 రూపాయలు. అంతవరకు పర్వాలేదు. గడువు దాటాక నెలకు 300 చొప్పున అదనపు రుసుము పడుతుంది, నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల లెక్కే. 2026 మార్చి 14 నాటికి లెక్కేస్తే 45 నెలలు. అంటే 13,500. బండి మూలన నిద్రపోతున్నా ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది. పైగా 2025 ఆగస్టు సవరణ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కు రెన్యువల్ ఫీజే 2,000. మీ బండికి ఇరవై ఏళ్లు 2027 జూన్‌లో నిండుతాయి. తీయాలనుకుంటే ఇప్పుడే తీయాలి, వద్దనుకుంటే అదీ ఇప్పుడే తేల్చుకోవాలి.

కాబట్టి షెడ్డుకు వెళ్లకముందు కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ సైట్ తెరిచి బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి అయిదు అంకెలు కొట్టి చూడండి. అంత పాత రికార్డులో మొబైల్ నంబరు ఉండకపోవచ్చు, అప్పుడు ఓటీపీ రాదు, ముందు నంబరు చేర్పించుకోవాలి. అసలు రికార్డే ఆన్‌లైన్‌లోకి ఎక్కకపోతే ఒరిజినల్ ఆర్‌సీ పట్టుకుని రాయగడ ఆర్టీఓకు వెళ్లి ఎక్కించమని అడగాలి. తెరపై రుసుము ఎంత చూపిస్తే అదే మీ లెక్క, ఏజెంటు నోటిమాట కాదు. పన్ను బకాయి, చలాన్లు ఉన్నాయేమో కూడా అక్కడే చూడండి.

ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుందా? 2007లో వాయిదాలమీద కొన్న బండయితే అప్పు తీరినా ఆ పేరు అలాగే ఉండిపోయిన సందర్భాలు కోకొల్లలు. దాన్ని కొట్టేయించాలంటే ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసిన ఫారం 35 రెండు ప్రతులు, బాకీ లేదన్న పత్రం కావాలి. ఆ కంపెనీ మూతపడినా, మరోదానిలో కలిసిపోయినా ఈ ఒక్క కాగితం కోసమే నెలలు పోతాయి. నాన్నగారి పాత ఫైళ్లలో ఆ పత్రం ఉందేమో ఇవాళే వెతకండి.

బండి ఆయన పేరున ఉంది కనుక వారసుడి పేరుకు మార్పు ఫారం 31తో, రెన్యువల్ ఫారం 25తో. రెండింటిలో ఏది ముందో కౌంటర్‌లో అడిగి ఖాయం చేసుకోండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం, మీ అమ్మగారు, తోబుట్టువులు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్ కావాలి. అఫిడవిట్ ఒడియాలో టైపు చేసి ఇస్తారు. మన వైపు ఒడియా గడగడా మాట్లాడేవాళ్లలోనూ చదవలేనివాళ్లు చాలామంది, సంతకానికి ముందు ఎవరిచేతనైనా చదివించుకోండి. బండి నంబరులో ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్సూరెన్సు పోయిన మనిషి పేరున తీసుకోవద్దు. ఆన్‌లైన్‌లో పాత వివరాలు కొడితే పాలసీ వచ్చేస్తుంది, కానీ క్లెయిము వేళ అదే మెడకు చుట్టుకుంటుంది. బ్రాంచికి వెళ్లి వారసత్వ కాగితాలు చూపించి మీ పేరున థర్డ్ పార్టీ పాలసీ అడగండి. 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 843. తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా కలిస్తే వెయ్యి దాటుతుంది. బండికి జరిగే నష్టానికి కూడా బీమా తీసుకోమంటే వద్దనండి. ఇంత పాత బండికి కట్టే విలువ తక్కువ, ప్రీమియం దండగ.

పొగ సర్టిఫికెట్, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కూడా కావాలి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకు ముందు కాలపు బండికి పొగ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, అది లేకుండా పట్టుబడితే జరిమానా పది వేల దాకా ఉండొచ్చు. రెన్యువల్ వెయ్యి, ఆలస్య రుసుము 13,500, పేరు మార్పు 150, స్మార్ట్ కార్డు 200, ప్లేటు, పొగ, బీమా అన్నీ కలిపితే కాగితాలకే సుమారు 16,500 నుంచి 17,000.

ఇక బండి. విప్పకముందే ఇంజిన్ బతికుందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు, రెండు మూడు వందల్లో తేలిపోయే పని. అన్నిటికంటే ముందు, కిక్కు కొట్టొద్దు. అయిదు వర్షాకాలాలు కదలని సిలిండర్ గోడకు తుప్పు పట్టి రింగులు అతుక్కుని ఉంటాయి, బలవంతంగా తంతే రింగు విరిగి బోరును గీస్తుంది. ప్లగ్గు విప్పి, సిరంజితో పది మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ లోపలికి వదిలి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు మెయిన్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పండి. కదిలితే ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ కప్పి, చేత్తో కిక్కు రాడ్డును నాలుగైదుసార్లు నొక్కండి. తర్వాత గుడ్డ తీసి రంధ్రానికి బొటనవేలు గట్టిగా అదిమి ఇంకొకరిచేత కిక్కు కొట్టించండి. వేలిని ఠప్పుమని తోసేస్తే కంప్రెషన్ ఉన్నట్టే. బుస్సుమని గాలి మెల్లగా జారిపోతే రింగులో వాల్వులో పోయినట్టు.

మూడు రోజులు ఆయిల్ నానినా చక్రం కదలకపోతే అక్కడితో ఆపేయండి.

కదిలితే సైలెన్సర్ చివర చూడండి, కుమ్మరి పురుగు మట్టితో మూసేసి ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పితే ఎలుక గూడు కనపడినా ఆశ్చర్యం లేదు, అలాంటప్పుడు దాని చుట్టుపక్కల వైర్లను కూడా వేలితో తడిమి చూడండి. ప్లగ్గును క్యాప్‌కు పెట్టి, దాని ఇనుప భాగాన్ని సిలిండర్ హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నీలం నిప్పురవ్వ రావాలి. ఈ పరీక్షప్పుడు దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు. బ్యాటరీ డెడ్డయినా ఈ బండికి రవ్వ వస్తుంది, ఇగ్నిషన్‌కు కరెంటు ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెటో నుంచే అందుతుంది. స్టార్టు కావడానికి బ్యాటరీ మార్చాల్సిందే అని ఎవరైనా అంటే నమ్మకండి. హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు కోసం చివర్లో 12 వోల్టుల 2.5 ఏహెచ్ బ్యాటరీ ఎలాగూ కొంటారు.

పాత పెట్రోలు ఆవిరై కార్బొరేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది. చోక్ వేస్తే స్టార్టయి, చోక్ దించగానే ఆగిపోతుందంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, పైలట్ జెట్, మూసుకుపోయిందని అర్థం. జెట్‌ను రాగి వైరులోని సన్నటి పోగుతోనే శుభ్రం చేయించండి. గుండుసూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది, ఆ నష్టం మీరు ప్రతి నెలా బంకులో కడతారు. ట్యాంకు లోపల టార్చి వేసి చూడండి, తుప్పుంటే ట్యాంకును ఇంజినుకు కలపకుండా సీసాలో పావు లీటరు కొత్త పెట్రోలు పోసి పైపుతో నేరుగా కార్బొరేటర్‌కు ఇచ్చి ఇంజిన్ పరీక్షించొచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు. 2007 నాటి రబ్బరు దానికి తగినది కాదు. పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె రింగు కొత్తవి వేయించండి. ఇథనాల్ నీటిని లాగుతుంది కాబట్టి నెలకు మించి బండి తీయకపోతే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేయాలి.

బ్రేకు షూల మందం చూసి బాగానే ఉన్నాయనుకోవద్దు. ఏళ్ల తరబడి తేమకు లైనింగు షూ నుంచి ఊడిపోయి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం నడిరోడ్డుమీద బిగుసుకుపోతుంది. రెండు జతలూ మార్చండి. టైర్ల పక్క గోడమీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 3114 అంటే 2014లో 31వ వారం. గీతలు నిండుగా ఉన్నా పదేళ్ల టైరు పనికిరాదు. రెండూ 2.75-18 సైజే, ట్యూబులతో సహా మార్చాలి. ఆయిల్ 900 మిల్లీలీటర్ల 10డబ్ల్యూ-30 డబ్బా, డిప్‌స్టిక్ మర బిగించకుండా ఆనించి మట్టం చూస్తూ పోయండి. పాత ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో దిగితే లోపల నీరు చేరినట్టు. ఏదేమైనా మొదటి ఆయిల్ 300 కిలోమీటర్లకే మార్చేయాలి.

ఆయిల్, ప్లగ్గు, ఫిల్టరు, కార్బొరేటర్ కిట్టు, కేబుళ్లు, షూలు, టైర్లు, చైను సెట్టు, బ్యాటరీ, మజూరీ అన్నీ కలిపి తొమ్మిది పది వేలు అనుకోండి. ఇవన్నీ ఒకేసారి వద్దు. ముందు ఇంజిన్ నడిచేవరకు వెయ్యి పదిహేనువందలు, కాగితాల సంగతి తేలాక టైర్లు, చైను. కంప్రెషన్ లేదంటే బోరు కొట్టించి 0.25 సైజు పిస్టన్ వేయాలి, ఇంకో నాలుగైదు వేలు. పదిహేను వేలు అన్న మెకానిక్కును ఆ మొత్తంలో ఏ పార్టు ఎంతో విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి, పాత పార్టులు మీకే అప్పగించాలని ముందే చెప్పండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇంజిన్ బాగుంటే మొత్తం 27 వేలు, అయిదేళ్ల రిజిస్ట్రేషన్ మీద పరిస్తే నెలకు 450. మీరు నెలకు 26 రోజులు తిరిగితే 1,040 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇస్తే 17 లీటర్ల పైచిలుకు, లీటరు వంద అనుకుంటే 1,730. ఆయిల్, అరుగుదల, బీమాకు ఇంకో నాలుగైదువందలు. మొత్తం 2,650. ఇప్పుడు బస్సుకు పెట్టేది 2,600. కాబట్టి పాత బండితో డబ్బు మిగులుతుందని ఆశపడకండి. మీరు కొనుక్కునేది రాత్రి షిఫ్టు తర్వాత ఇల్లు చేరే వీలు. అది చిన్న విషయమేం కాదు. మైలేజీ 42కు పడిపోతే మాత్రం నెలకు 750 దాకా అదనంగా పోతుంది.

కొత్త బండి వాయిదా 3,558కి పెట్రోలు కలిపితే నెలకు అయిదు వేలు దాటుతుంది, మీ జీతంలో నాలుగో వంతుకు పైన. ఆ వాయిదాలో ఉన్నది 11 శాతం ఫ్లాట్ వడ్డీ, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి 70 వేలమీదే చివరిదాకా వడ్డీ. మీరు తిరిగి కట్టేది 85,400, తగ్గుతున్న బాకీమీద చూస్తే అసలు వడ్డీ దాదాపు 20 శాతం. ఈ జీతానికి ఆ అప్పు వద్దు.

నా సలహా ఇదీ: పరివాహన్‌లో చూపిన రుసుము 15 వేల లోపుండి, ఫైనాన్స్ చిక్కు లేక, బొటనవేలి పరీక్షలో ఇంజిన్ నెగ్గితే బాగు చేయించండి, సొంత డబ్బుతో. 42 వేలలో 15 వేలు కదపకుండా ఉంచండి, ఆర్‌డీ ఆపకండి. మూడింట్లో ఒక్కటి తప్పినా వదిలేయండి. బోరు పని కూడా కలిసి ఖర్చు 32 వేలకు చేరాక, పత్రాలున్నా పాతికకు కూడా అమ్ముడుపోని బండిమీద పెట్టుబడి తెలివైనది కాదు. అప్పుడు ఓడీ-18 (ఓఆర్-18 స్థానంలో వచ్చిన రాయగడ నంబరు) నంబరుతో, ఆర్‌సీ ఇంకా అయిదారేళ్లు మిగిలున్న సెకండ్ హ్యాండ్ వెతకండి. పార్వతీపురంలో చవగ్గా వస్తోందని ఆంధ్రా నంబరు బండి కొనకండి. అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ), ఇక్కడ కొత్త నంబరు, ఒడిశా పన్ను కలిపితే ఆ చవక కరిగిపోతుంది.

నాన్నగారి గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే ఇంట్లో ఉంచుకోవచ్చు, నడపకుండా ఉంచినందుకు ఎవరూ జరిమానా వేయరు. కానీ దగ్గరే కదా అని కాగితాల్లేకుండా బజారుకు తీయొద్దు. బీమా లేకపోతే జరిమానా రెండు వేలే, మనిషికి తగిలితే మాత్రం లక్షల్లో పరిహారం మీ జీతంలోంచే కట్టాలి. రెన్యువల్ కోసం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేసే తనిఖీకి కూడా బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లండి. ఛాసిస్ నంబరు దగ్గర తుప్పును ముందురోజే కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఉంచండి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే అంకెలు చెరిగిపోతాయి, నంబరు దిద్దారన్న అనుమానంతో వెనక్కి పంపేస్తారు.