ఆ రాత్రి సంగతి ముందు ఆయనకు చెప్పండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట దగ్గర ఊరు. నాకు 52 ఏళ్లు. మా వారు 26 ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజిన్ గదిలో పనిచేసి నిరుడు ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు అండమాన్‌లో తెరచాప పడవ అద్దెకు తీసుకుని, జనం లేని దీవి పక్కన లంగరు వేసి మూడు రాత్రులు గడుపుదామంటున్నారు. తానే నడుపుతారట. నాకు ఈత రాదు. తిత్లీ తుపాను రాత్రి పిల్లలతో, అత్తగారితో వంటగదిలో కూర్చున్నాను. ఆయన అప్పుడు ఎక్కడో నడిసముద్రంలో ఉన్నారు. అప్పటి నుంచి గాలి హోరు వింటే గుండె దడ. రానంటే ఆయన ముఖం చిన్నబోతోంది. పిల్లలు వెళ్లమంటున్నారు. అత్తగారు ఈ వయసులో షికార్లేమిటంటున్నారు. అయినా మూడు రాత్రులు మేమిద్దరమే ఉంటే ఏం మాట్లాడుకుంటాం?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్న దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. 26 ఏళ్లలో మీ వారు ఇంట్లో ఉన్నది సెలవుల్లోనే. ఆ సెలవులు కూడా పెళ్లిళ్లకు, బ్యాంకు పనులకు, ఇంటి మరమ్మతులకు సరిపోయి ఉంటాయి. మళ్లీ ఓడ ఎక్కబోయే మనిషికి దిగులు చెప్పడమెందుకని మీరు చాలా సంగతులు మింగేసి ఉంటారు. ఓడ ఉద్యోగాల ఇళ్లలో ఆడవాళ్లు నాకు తరచూ చెప్పే మాటే ఇది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు ఎలా నేలకొరిగాయో మన జిల్లాలో తెలియనివారు లేరు. మీ వారికి మాత్రం అది దూరాన ఉండి విన్న కబురు. వంటగదిలో మీరు ఏమనుకుంటూ కూర్చున్నారో, ఆయన గురించి ఎంత భయపడ్డారో ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? చెప్పి ఉండరనే నాకనిపిస్తోంది. అందుకే మీరు రానంటే, తన సముద్రాన్ని మీరు కాదన్నారని ఆయన నొచ్చుకుంటున్నారు. ప్రయాణం సంగతి తేల్చకముందే ఆ రాత్రి గురించి చెప్పండి. ఒక్క సాయంత్రం చాలు, టీవీ కట్టేసి.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట. ఇంజిన్ గది ఉండేది చాలావరకు నీటిమట్టానికి కింద. అక్కడంతా వేడి, చెవులు చిల్లులు పడే మోత. సముద్రం మీద ఇన్నేళ్లు తిరిగినా, మోత లేని సముద్రం పక్కన తీరిగ్గా కూర్చునే రోజులు ఆయనకు ఎన్ని దొరికి ఉంటాయి? దొరికిన ఈ తీరికలో పక్కన మీరు ఉండాలని ఆయన కోరుకుంటున్నారు. నాకు అది చాలా విలువైన కోరికగా తోచింది.

అలాగని ఆయన చెప్పినట్టే వెళ్లమనను. ఒక విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. పడవను ఆయన నడపకూడదు. ఇనుప ఓడ ఇంజిన్ చూసుకోవడం వేరు, గాలిని బట్టి తెరచాప తిప్పడం వేరు. పడవతోపాటు అనుభవమున్న సరంగును కుదుర్చుకోండి. ఇది ఒక్క భద్రత కోసమే కాదు. పడవల మీద దంపతులు ఎక్కువగా గొడవపడేది లంగరు వేసే వేళలోనే. ఒకరు వెనక చుక్కాని దగ్గర, ఒకరు ముందు గొలుసు దగ్గర, మధ్యలో ఇంజిన్ చప్పుడు. వినబడక అరుస్తారు, ఆ అరుపు మనసులో ఉండిపోతుంది. మీ వారు అధికారిగా, మీరు కొత్తగా చేరిన కూలీగా ఆ మూడు రోజులు గడవకూడదు.

రాత్రి పడవ కొట్టుకుపోతుందేమోనన్న భయం కూడా మీకు ఉంటే, దానికి జవాబు ఉంది. ఆరు మీటర్ల లోతుంటే దాదాపు 30 మీటర్ల గొలుసు వదులుతారు. బరువైన గొలుసు అడుగున పరుచుకుని ఉంటుంది కనుక లంగరును పైకి కాకుండా అడ్డంగా లాగుతుంది, అది ఇసుకలో ఇంకా దిగబడుతుంది. గాలి మారితే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. నిద్రలో మెలకువ వచ్చి ఒడ్డు వేరే వైపు కనబడితే కంగారు పడకండి. పగడపు దిబ్బ మీద లంగరు వేయనివ్వకండి. పట్టు సరిగా దొరకదు, పగడం చచ్చిపోతుంది.

అక్టోబరు, నవంబరు వద్దు, బంగాళాఖాతంలో తుపానుల కాలం. జనవరి నుంచి మార్చి వరకు చూసుకోండి. రాత్రి ఎక్కడ ఆగవచ్చో అక్కడి అధికారుల అనుమతి సరంగు ముందే తీసుకోవాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి కనుక స్థానికులు సరేనన్న చోట తప్ప నీళ్లలో దిగవద్దు. పడవ మీద లైఫ్ జాకెట్ తీయవద్దు. వాంతుల మాత్ర గురించి మీ డాక్టరును అడగండి, అది పడవ ఎక్కకముందే వేసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు విశాఖలో ఒక పూట తెరచాప పడవ ఎక్కి చూడండి. దిగుదామని మీరు అన్న క్షణంలో, ఎందుకని అడగకుండా ఒడ్డుకు తిప్పాలని ఆయన దగ్గర మాట తీసుకోండి. ఆ మాట నిలబెట్టుకుంటేనే అండమాన్. వెళ్లాక కూడా ముందు ఒక్క రాత్రి చాలు, మిగతా రెండూ ఒడ్డున గదిలో ఉండండి. పోర్టు బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీవిజయపురంలో, మన జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది. తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది.

ఇద్దరికీ మాటలు దొరక్కపోతే దొరక్కపోనివ్వండి. ఆయన టీ పెడితే మీరు తాగండి.

అత్తగారి మాటకు మాత్రం కష్టపెట్టుకోకండి. కొడుకును 26 ఏళ్లు సముద్రానికి పంపి ఎదురుచూసిన తల్లి ఆవిడ. తిత్లీ రాత్రి మీ పక్కన కూర్చున్నదీ ఆవిడే. ఇప్పుడు కోడలు కూడా నీళ్ల మీదికి వెళుతోందంటే నోటికి షికారన్న మాటే వచ్చి ఉంటుంది. మీరు లేని రోజుల్లో పిల్లల్లో ఒకరిని వచ్చి ఆవిడ దగ్గర ఉండమనండి. పడవ నుంచి దిగిన వెంటనే మొదటి ఫోను ఆవిడకే చేయండి.