జిమ్‌లో మీ అబ్బాయి చేస్తున్నది ఉద్యోగమే, అదే కాగితం మీద పెట్టండి

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. తెలుగు స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బీకాం అయ్యాక మూడేళ్లుగా ఊళ్లోనే ఒక జిమ్‌లో ట్రైనర్‌గా ఉంటున్నాడు. ఇప్పుడు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఫిట్‌నెస్ మేనేజర్ ఉద్యోగానికి అప్లై చేస్తానంటున్నాడు. రెజ్యూమే నేనే తయారుచేసి జతపరిచాను, సరిచూడగలరు. మేనేజర్ పోస్టు మేలా, పర్సనల్ ట్రైనర్ పోస్టు మేలా? ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఉంటే దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమని, డబ్బు కట్టమని ఒకరు చెబుతున్నారు. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయించి స్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామం టీచరుని చేద్దామా అని కూడా ఉంది. అసలు ఈ జిమ్ పని ఎన్నాళ్లు నిలుస్తుంది?

జవాబు: మాస్టారూ, మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, జయపురం నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో పైన ఏ కోర్సు పేరున్నా అడుగున ఉండేది ఇదే. గవర్నమెంటు కొలువు కాదు, బ్యాంకూ కాదు, నలుగురిలో ఏమని చెప్పుకోవాలి, రేపు పిల్లనెవరిస్తారు? ఆ దిగులు నాకు తెలుసు. పని నిలుస్తుంది. రోజుకు పది మంది పక్కన నిలబడి బరువులందించే ఓపిక ఎప్పటికీ ఉండదు, నిజమే. అందుకే తెలివైన ట్రైనర్లు వయసు మీద పడకముందే మేనేజర్ పనిలోకో, సొంత జిమ్‌లోకో, షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు జాగ్రత్తగా కసరత్తు చేయించే పనిలోకో మారతారు. మీవాడు అడగకుండానే ఆ మార్పు గురించి ఆలోచిస్తున్నాడు. మీరు టెన్షన్ పడాల్సిన కుర్రాడు కాడు.

ఇక మీరు పంపిన రెజ్యూమే. మొదటి పేజీ సగం వరకు మీ పేరు, మీరు చేసిన ఉద్యోగం, ఇంటి అడ్రసు, మతం, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న సంగతి. ఆ కింద నాలుగు లైన్ల గ్రాంథిక ఇంగ్లీషులో జీవితాశయం. తర్వాత ఎత్తు, బరువు, ఛాతీ కొలత, చొక్కా లేని ఫొటో. హాబీలు: పాటలు వినడం, క్రికెట్ చూడడం. చివర పైవన్నీ సత్యమని డిక్లరేషన్. మూడేళ్ల ఉద్యోగానికి మాత్రం ఒకే ఒక్క లైను: 'జిమ్‌లో పనిచేసిన అనుభవం కలదు.' కోపం తెచ్చుకోకండి, ఫొటో ఒక్కటి తీసేస్తే ఇది పెళ్లిళ్ల పేరయ్యకిచ్చే కాగితం. కొడుకు చేస్తున్న పనిని మీరు పనిగా లెక్కేయలేదని ఆ ఒక్క లైను చెప్పేస్తోంది.

అందుకే మీ నంబరుకు ఫోన్ చేసి అబ్బాయికి ఇవ్వమన్నాను. తెల్లవారుజామున జిమ్ తాళం తీసేది వాడే. కొత్తగా చేరినవాళ్ల చేత ఫారం నింపించి బీపీ, షుగరు, గుండె జబ్బు, పాత దెబ్బలు ఏమైనా ఉన్నాయా అని రాసుకునేది వాడే. పొద్దున పదింటి ఆడవాళ్ల బ్యాచ్ వాడిదే. ఫీజు గడువు దాటినవాళ్లకు ఫోన్ చేసి, ఎందుకు మానేశారో కనుక్కుని మళ్లీ రప్పించేదీ వాడే. ట్రెడ్‌మిల్ బెల్టు కింద సిలికాన్ ఆయిల్ వేస్తాడు. కేబుల్ పోగులు లేచాయని ఓనరుతో గొడవపడి మార్పించాడు. కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పాడు. ఇందులో సగం ఫిట్‌నెస్ మేనేజర్ పనే! 'ఇవన్నీ ఎందుకు రాయలేదు నాన్నా?' అంటే, 'ఇవి కూడా రాస్తారా సార్?' అన్నాడు. ఆ మాట వాడి నోటికి ఇంట్లోంచే వచ్చింది మాస్టారూ.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ మీ బరంపురం వాడే. ఆ ఊళ్లో ఉంటూ బరువుల దగ్గర పనిచేయడానికి పరువు లేదంటే ఎలా?

రెజ్యూమే ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఫోను, ఈమెయిలు, ఊరు. దాని కింద మూడు లైన్లలో మనిషెవరో తెలియాలి: ఎన్నేళ్లుగా చేస్తున్నాడు, ఎలాంటివాళ్లకు శిక్షణ ఇచ్చాడు, ఏ సర్టిఫికెట్ ఉంది. తర్వాత నేరుగా అనుభవం. 'క్లయింట్లను చూసుకున్నాను' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'కొత్త సభ్యులకు ఆరోగ్య ప్రశ్నావళి, ప్రాథమిక పరీక్షలు చేసి మొదటి నెల వ్యాయామ ప్రణాళిక ఇచ్చాను' అంటే చదివేవాడికి బొమ్మ కడుతుంది. 'సభ్యుల ఫాలోఅప్ చేశాను' అనే చోట, గడువు ముగిసినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరు తిరిగి కట్టారు అన్న లెక్క ఉండాలి. ఆ లెక్క జిమ్ రిజిస్టర్‌లోనే ఉంది, ఓనరును అడిగి ఆరు నెలలది తీసి కూడమనండి. ఊహించి రాయొద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న 'ఇది ఎలా లెక్కేశారు?' అనే వస్తుంది.

క్లయింట్ల ముందు, తర్వాత ఫొటోలు పెడదామని మీవాడి ఆలోచన. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా ఉంటే తప్ప వద్దు. వాడి చొక్కా లేని ఫొటో ఎలాగూ వద్దు. కండలు చూసి ఫ్లోర్ మీదకు తీసుకుంటారేమో కానీ, ఆ ఫొటో చూసి జిమ్ తాళాలూ లెక్కలూ అప్పగించరు.

మేనేజరా, ట్రైనరా అన్నారు. నేనైతే ఒకే సమాచారంతో రెండు కాగితాలు చేయిస్తాను. ట్రైనర్ కాగితంలో సర్టిఫికెట్, సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ, ఎలాంటి క్లయింట్లు అన్నవి ముందు. మేనేజర్ కాగితంలో రెన్యువల్స్, సిబ్బంది షిఫ్టులు, మెషీన్ల మెయింటెనెన్స్, ఫిర్యాదులు ముందు. పెద్ద చెయిన్ జిమ్‌లలో ఫిట్‌నెస్ మేనేజర్ అంటే ట్రైనర్లందరి మీదా ఉండేవాడు, పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీలు ఎన్ని అమ్ముడయ్యాయన్న టార్గెట్ కూడా వాడి నెత్తినే ఉంటుంది. అంటే సగం సేల్స్ ఉద్యోగం. ట్రైనర్‌కి జీతం కొంత, కమిషన్ కొంత. పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు, మధ్యలో ఖాళీ. ఏది మేలని నన్నడిగితే, మీవాడు ముందు ఒక పెద్ద జిమ్‌లో సీనియర్ ట్రైనర్‌గా చేరి ఏడాది చూడడమే నయం. మేనేజర్‌గా నేరుగా పిలిస్తే వెళ్లొద్దని కాదు. వెళ్లేముందు ఖాయమైన జీతమెంత, ఇన్సెంటివ్ ఎంత, పీఎఫ్ ఉందా అని నోరు తెరిచి అడగాలి. మీ పిల్లలకు ఆ అలవాటు లేదు, మొహమాటపడతారు.

సర్టిఫికెట్ దగ్గర మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. పేరున్న సంస్థలు లేవని కాదు. ఏస్, నాస్మ్, ఏసీఎస్ఎం వంటి అమెరికన్ సర్టిఫికెట్లకు బయట కూడా విలువుంది, పరీక్ష సంగతులు మీవాడికి నాకంటే బాగా తెలుసు. వాటికీ కాలపరిమితి ఉంటుంది. ఏస్ అయినా నాస్మ్ అయినా రెండేళ్లకోసారి కొనసాగింపు శిక్షణ చూపించి రెన్యూ చేయాలి. రెజ్యూమేలో గడువు తేదీ రాయకపోతే చూసేవాడికి అక్కడే అనుమానం. మన దేశంలో స్పోర్ట్స్, ఫిట్‌నెస్ రంగానికి స్కిల్ కౌన్సిల్ ఉంది, దాని కింద ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు ఉంది. మొదటి మెట్టుకు అదీ పనికొస్తుంది.

నా భయమంతా 'ఇంటర్నేషనల్' అన్న బోర్డు పెట్టి, వారాంతపు క్లాసులతో, నూరు శాతం ఉద్యోగ గ్యారంటీతో వేలకు వేలు తీసుకునేవాళ్ల గురించి. ఉద్యోగానికి గ్యారంటీ ఇచ్చే సర్టిఫికెట్ ఏదీ లేదు. దుబాయ్‌లో ట్రైనర్‌గా చేయాలంటే అక్కడి ఫిట్‌నెస్ ట్రైనర్ల రిజిస్టరైన రెప్స్ యూఏఈలో రిజిస్ట్రేషన్ అడుగుతారు, మీ దగ్గర డబ్బు అడిగినాయన ఆ పేరైనా ఎత్తాడా? విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే తెలుస్తుంది. ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకుమించి అడిగితే లేచి వచ్చేయండి. గంజాం నుంచి సూరత్ మిల్లులకు వెళ్లినవాళ్ల ఇళ్లు మీ చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఊరు దాటి వెళ్లడం తప్పు కాదు, ఎవడి మాట నమ్మి వెళ్తున్నామన్నదే చూసుకోవాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆన్‌లైన్ కోచింగ్ పెట్టి లక్షలు సంపాదిస్తున్నారన్న మాట కూడా మీవాడి నోట విన్నాను. వాళ్లలో చాలామంది బతికేది కోచింగ్ మీద కాదు, ప్రొటీన్ డబ్బాల కమిషన్ల మీద. ఎదురుగా నిలబడి నడుము వంగడం చూడకుండా, ఫోన్లో ఎవరికో డెడ్‌లిఫ్ట్ (వంగి నేల మీది బరువెత్తడం) నేర్పడం నాకు మింగుడు పడదు. పాతకాలపు మనిషిననుకోండి.

బీపీఈడీ గురించి ఒక్క మాట. అది రెండేళ్ల కోర్సు, తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. వాడికి స్కూల్లో పనిచేయాలని ఉందా, లేక మీకు ఉందా? వాడు 'నాన్న కోసం చేస్తా' అన్నాడు. అలా చేయించకండి.

ఇక మీ వైపు పిల్లలకే వచ్చే చిక్కులు రెండు. మీ అబ్బాయి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో ముందు ఉంది, బ్యాంకు పాసుబుక్కులో పొడి అక్షరం మాత్రమే. పెద్ద సంస్థలు చేరేముందు ఇవన్నీ సరిపోల్చి చూస్తాయి. టెన్త్‌లో ఎలా ఉందో రెజ్యూమేలో అలాగే రాసి, మిగతావి ఇప్పుడే దానికి సరిచేయించండి. రెండోది భాషలు. మీరు కింద ఎక్కడో రాశారు, పైకి తెండి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడే ట్రైనర్ భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ ఓనరుకు వరమే. అయితే వాడికి తెలుగు చదవడం సరిగా రాదన్నాడు. 'మాట్లాడగలను' అని నిజమే రాయమనండి. ఇంగ్లీషుకీ అంతే.

ఇంటర్వ్యూలో మాటలతో వదలరు. ఒకరిని ముందు నిలబెట్టి స్క్వాట్ నేర్పమంటారు, మోకాలి నొప్పి ఉందంటే ఏం మారుస్తావంటారు. మీవాడు రోజూ చేసేదే, దానికి ప్రత్యేకంగా చదవక్కర్లేదు. కొత్త ఏడాదికి జిమ్‌లలో చేరేవాళ్లు ఎక్కువ కాబట్టి డిసెంబరులోపే అప్లికేషన్లు వెళ్తే మంచిది. ఈసారి రెజ్యూమే వాడినే రాయమనండి, తప్పుల ఇంగ్లీషైనా పర్లేదు, నేను దిద్దుతాను. మీరు స్పెల్లింగులు కూడా చూడొద్దు. రిజిస్టర్ లెక్కలు తేవడానికి ఓనరు మొరాయిస్తే అప్పుడు మీరు వెళ్లి అడగండి, మాస్టారి మాటకు మీ ఊళ్లో ఇంకా విలువుంది.