కాంబో డెక్ కోసం చిట్టీ పాడుకోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. వయసు 25, జీతం 26,000. ఇంట్లో 10,000 ఇస్తాను. లక్ష రూపాయల చిట్టీకి 5,000, బండి ఈఎంఐ 3,200 (ఇంకో ఐదు నెలలు), నా ఖర్చులు 4,500. ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ కార్డ్ గేమ్ ఆడతాను. మోడరన్ ఫార్మాట్‌లో (ఏ కార్డులు వాడొచ్చో నిర్ణయించిన ఒక ఆట పద్ధతి) పోటీలకు పనికొచ్చే కాంబో డెక్, అంటే కొన్ని కార్డులు కలిస్తే గెలిపించే కట్ట, కొనాలంటే 45,000 అవుతోంది. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టనా? ఎనిమిది నెలలు మిగిలిన చిట్టీని ఇప్పుడే పాడుకోనా? గెలిస్తే ప్రైజ్ మనీ వస్తుంది, లేదంటే కార్డులు అమ్ముకోవచ్చు. నాన్న మాత్రం ‘ఇది పేకాటే’ అంటున్నారు.

జవాబు: ముందు నాన్నగారి సంగతి. మీరు పందెం కాయడం లేదు కాబట్టి ఇది పేకాట కాదు. కానీ పన్ను దగ్గర మాత్రం ఆయన మాటే నెగ్గేలా ఉంది. కార్డ్ గేముల్లో గెలిచిన సొమ్ముకు నేరుగా 30 శాతం పన్ను, పైన సెస్సు. మీ జీతానికి పన్ను పడకపోయినా దీనికి పడుతుంది. కార్డులకు, హైదరాబాద్ రైలు ఛార్జీలకు పెట్టిన ఖర్చును అందులోంచి మినహాయించుకోనివ్వరు. ప్రైజులను లెక్కలో పెట్టుకోకండి.

ఇక ఈఎంఐ. 45,000కు 15 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదిపాటు నెలకు దాదాపు 4,060 కట్టాలి. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీకు అన్నీ పోను మిగిలేది 3,300. కాబట్టి అది కుదరదు. చిట్టీ ఇప్పుడే పాడుకుంటే పాటలో తగ్గించుకున్నంతా పోయినట్టే, మిగతా వాయిదాలు ఎలాగూ తప్పవు. పైగా జామీను అడుగుతారు. నాన్నగారు సంతకం పెడతారేమో కనుక్కోండి!

కార్డులు అమ్ముకోవచ్చన్న ధీమా నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది. కాంబో డెక్ బలమంతా రెండు మూడు కార్డుల జోడీలో ఉంటుంది. ఆ జోడీలో ఒక్కటి బ్యాన్ అయితే, అంటే పోటీల్లో వాడకూడదని నిషేధిస్తే, రెండోదానికి గిరాకీ ఉండదు. ‘నాదు, వింగ్డ్ విజ్డమ్’ కార్డు 2024 జూన్‌లో వచ్చింది. మీ జీవుల్లో (క్రీచర్ కార్డుల్లో) దేన్ని గురిపెట్టినా డెక్ పైకార్డు మీకే దక్కుతుంది, ఒక్కో జీవికి టర్నుకు రెండుసార్లు. 2005 నాటి ‘షుకో’ అనే కార్డును ఒక జీవి నుంచి ఇంకోదానికి మార్చడానికి ఖర్చు సున్నా, మార్చిన ప్రతిసారీ ఆ జీవిని గురిపెట్టినట్టే. ఈ రెండూ కలిస్తే ఒకే టర్నులో కార్డుల మీద కార్డులు. అదే ఆగస్టు 26న మోడరన్‌లో నాదును బ్యాన్ చేశారు. మీ 12 నెలల ఈఎంఐలో అప్పటికి రెండో మూడో వాయిదాలు కట్టి ఉండేవారు. ‘స్ప్లింటర్ ట్విన్’ అనే ఇంకో కాంబో కార్డు 2016 జనవరిలో బ్యాన్ అయి, మళ్లీ 2024 డిసెంబర్‌లో గానీ బయటికి రాలేదు. అప్పు ఇచ్చినవాడు అన్నేళ్లు ఆగడు.

డెక్ కట్టొద్దని కాదు, కొనే వరుస మార్చండి. 60 కార్డుల డెక్‌లో ఒక కార్డు నాలుగు కాపీలు పెడితే, మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి రావడానికి 40 శాతం అవకాశం. జోడీలో రెండూ కలిసి రావడానికి 15 శాతం కూడా లేదు. అందుకే ఇలాంటి డెక్‌ను నడిపేవి వెతికి తెచ్చే కార్డులు, మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే మంచి ల్యాండ్ కార్డులు. రేపు మీ కాంబో బ్యాన్ అయినా అవే రంగులున్న ఇంకో డెక్‌లో ఇవి పనికొస్తాయి. డబ్బు ముందు వీటికే పెట్టండి. మెరిసే కాంబో కార్డులు చివర్లో.

అప్పటిదాకా కాంబో కార్డుల పేర్లు కాగితం మీద రాసి, పాత కార్డుల స్లీవుల్లో దూర్చి ఫ్రెండ్స్‌తో ఆడండి. అధికారిక టోర్నమెంట్లలో ఇలాంటి ప్రాక్సీలు ఒప్పుకోరు గానీ, ఇంట్లో ఎవరు అడ్డం? ఆ డెక్ మీ చేతికి పడుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఆటకీ ఆటకీ మధ్య మార్చుకునే 15 కార్డుల సైడ్‌బోర్డ్ ఇప్పుడే కొనకండి. మీరు వెళ్లే చోట ఎదుటివాళ్లు ఏం ఆడుతున్నారో రెండు మూడు ఆదివారాలు చూశాక మార్చుకోవచ్చు. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ, బ్యాంకు ఫారెక్స్ ఛార్జీ కలుపుకొనే ధర చూసుకోండి.

నెలనెలా మిగిలే 3,300లో 1,800 ఆర్‌డీలో వేయండి, 1,500 కార్డులకు. బండి ఈఎంఐ తీరాక ఆ 3,200లో 2,000 కూడా కార్డులకే కలపండి. ఎనిమిది నెలలకు 18,000 అవుతుంది. ఆపాటికి చిట్టీ సొమ్ము కమీషన్ పోను చేతికొస్తుంది. అందులో 60,000 అత్యవసరానికి ఎఫ్‌డీలో పెట్టండి. ఆ డెక్ మీద మనసు అలాగే ఉండి, అందులో ఏదీ బ్యాన్ కాకపోతే, డెక్‌కు తక్కువైన 27,000 అప్పుడు పెట్టండి.